పాత ఫోనుకి ఒక రసీదు

మన ఇళ్లలోంచి ఏ వస్తువూ ఊరికే బయటికి పోదు. పాత పేపర్లు కిలోల లెక్కన పోతాయి. పగిలిన బకెట్లు, ఇనుప ముక్కలు తోపుడుబండి మీద పోతాయి. పాత చీరలూ మగవాళ్ల ప్యాంట్లూ మూటకట్టి ఉంచితే స్టీలు సామాన్ల ఆమె వస్తుంది. గుమ్మం ముందు కూర్చుని ఒక్కో చీరా విప్పి, వెలుతురుకి పట్టి చూసి, "ఇంకో రెండు చీరలెయ్యమ్మా, ఈ గిన్నె ఇచ్చేస్తా" అంటుంది. జరీ అంచుకి ఒక లెక్క, చిరుగుపడ్డ ప్యాంటుకి ఇంకో లెక్క. అరగంట బేరం నడుస్తుంది. ఆ బేరంలో మనదే పైచేయి. మగవాళ్లు ఆ పక్కకి రారు కూడా.

ఫోను దగ్గరికి వచ్చేసరికి ఆ ధైర్యం ఎటు పోతుందో తెలీదు. కొత్తది వచ్చాక పాతది ఏం చెయ్యాలో మనకి తోచదు. స్విచ్ఛాఫ్ చేసి, చార్జరు వైరు చుట్టి, బీరువా కింది అరలో పడేస్తాం. మా ఇంట్లో అలాంటివి మూడున్నాయి. మా చెల్లెలి ఇంట్లో నాలుగు. మీ ఇంట్లో ఎన్నున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి.

ప్రేమకొద్దీ దాచుకుంటాం అనుకుంటారు ఇంట్లోవాళ్లు. ప్రేమ కాదండీ, భయం. అందులో మన ఫోటోలున్నాయి. ఆధార్ కార్డు ఫోటో ఉంది. పిల్లల ఫోటోలున్నాయి. అది ఎవరి చేతికి పోతుందో, వాడు ఏం తెరిచి చూస్తాడో అని భయం. "డిలీట్ చేస్తే అయిపోయె కదా" అంటారు మగవాళ్లు. డిలీట్ చేసినవి కూడా బయటికి తీస్తారట అని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు మనకి. అందుకని రెండు మూడు వేలు పలికే వస్తువు, చీరల కింద పడి విలువ పోగొట్టుకుంటూ ఉంటుంది.

పోయిన దసరాకి నాకు కొత్త ఫోను వచ్చింది. ఈసారి పాతదాన్ని బీరువాలో పెట్టలేదు, అమ్మాను. ఎవరికి అమ్మాను, ఎలా అమ్మాను అన్నదే ఇవాళ రాస్తున్నాను.

ఆ ఫోను 2021లో కొన్నది. పిల్లల క్లాసులన్నీ ఫోన్లోనే జరుగుతున్న రోజులవి. మావాడి చదువు కోసమని 15,500 పెట్టి కొన్నాం. బడులు తెరిచాక అది నా చేతికొచ్చింది. పేరుకి నా ఫోను, నిజానికి మా ఇంటి ఆఫీసు. గ్యాస్ బుకింగ్ అందులోనే. అత్తమ్మ బీపీ మందుల చీటీ ఫోటో అందులోనే. మావాడి స్కూలు ఫీజు రసీదులు, కరెంటు బిల్లు, పాలవాడి లెక్క, చిట్టీ ఎవరెత్తారో, వచ్చే నెల ఎంత కట్టాలో అన్నీ అందులోనే. ఇవి కాక బ్లౌజు వెనక మెడ డిజైన్లు రెండొందల పైన. అందులో నేను కుట్టించుకున్నవి మూడు.

ఇన్ని ఉన్న వస్తువుని మా ఆయన తిప్పి చూసి, "స్క్రీన్ మీద గీత పడ్డది, ఎక్కువేం రాదు" అన్నాడు. ఇక ఇంట్లో తలా ఒక మాట. ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేద్దాం అని ఆయన. ఆన్‌లైన్‌లో పెడదాం అని మావాడు. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి తీసుకుపోతే మంచి రేటొస్తుంది, 3,500కి తగ్గదు అని మా మరిది. సెకండ్‌హ్యాండ్ ఫోన్లకి జగదీశ్ మార్కెట్ ఎప్పటినుంచో పేరున్న చోటే. కానీ గండిపేట నుంచి మెహదీపట్నం పోయి, అక్కణ్ణుంచి ఆబిడ్స్ పోయి, ఒక్క ఫోను కోసం ఎవరు తిరుగుతారు? ఆ మాటన్న మరిది అయితే తిరగడు.

షాపువాళ్ల ఎక్స్‌చేంజ్ లెక్క వేరేగా ఉంది. పాతదానికి 3,500 ఇస్తారు. బోనస్ అని ఇంకో వెయ్యి కలుపుతారు. కాకపోతే ఆ వెయ్యి కావాలంటే కొత్త ఫోను 20,000 పైన కొనాలి. మేం చూసుకున్నది 14,000ది. వెయ్యి కోసం ఆరు వేలు ఎక్కువ పెట్టడం ఏ ఇంటి లెక్కలోనూ కుదరదు. పాత ఫోనుకి ఎంతిస్తున్నారు అని కాదు, కొత్త ఫోనుకి మన చేతినుంచి మొత్తం ఎంత పోతోంది అని చూసుకోవాలి. బియ్యం బస్తాతో బిందె ఫ్రీ అన్నప్పుడు మనం బస్తా రేటు చూడమూ? ఇదీ అంతే.

ఆన్‌లైన్ కంపెనీ ఒకటి 4,600 చూపించింది. పేరు అనవసరం. మావాడు అందులో అడిగిన ప్రశ్నలన్నిటికీ నిజమే చెప్పాడు. గీత ఉందా అంటే ఉందన్నాడు, డబ్బా ఉందా అంటే ఉందన్నాడు. మర్నాడు ఒక పిల్లాడు వచ్చాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో. సోఫా అంచున కూర్చుని, తన ఫోన్లో యాప్ తెరిచి, నా ఫోనుని అటూ ఇటూ తిప్పి ఒక్కొక్కటే నొక్కుతూ పోయాడు. గీత లోతుగా ఉందట, కొంత కోత. పక్కన నొక్కు పడిందట, ఇంకొంత. చార్జింగ్ పిన్ను వదులుందట, మళ్లీ కోత. చివరికి 2,900 దగ్గర ఆగింది. ఆ పిల్లాడి తప్పేమీ లేదు, రేటు వేసేది యాప్. "ఇష్టం లేకపోతే క్యాన్సిల్ చెయ్యొచ్చు ఆంటీ" అన్నాడు మంచినీళ్లు తాగుతూ. క్యాన్సిల్ చేశాం. కానీ నాకొకటి అర్థమైంది. స్టీలు సామాన్ల ఆమెతో అయితే నోరుంది, తిరిగి మాట్లాడతాం. యాప్‌తో బేరమాడలేం. ఒప్పుకోవడమో వద్దనడమో, అంతే.

ఇంకొక దారి మా వీధిలోకే వస్తుంటుంది. మైకు పెట్టుకుని బండి మీద తిరిగేవాళ్లు. "పాత సెల్‌ఫోన్లు, పాడైపోయిన సెల్‌ఫోన్లు కొంటాం" అని రికార్డు వేసుకుంటూ పోతారు. కొందరు డబ్బులిస్తారు, కొందరు ప్లాస్టిక్ టబ్బులిస్తారు. ఎవరికీ పనికిరాని ఫోనుకి టబ్బొస్తే మంచిదే కదా అనిపిస్తుంది.

ఆ సంగతి కొంచెం ఆగి ఆలోచించాల్సిందే. 2024 ఆగస్టులో గోదావరిఖనిలో పోలీసులు బిహార్ నుంచి వచ్చిన ముగ్గుర్ని పట్టుకున్నారు. వాళ్ల దగ్గర గోనె సంచుల్లో సుమారు 4,000 పాత ఫోన్లు దొరికాయి. ఊళ్లు తిరిగి జనం దగ్గర చవగ్గా పోగుచేసినవి. జార్ఖండ్‌లో జామ్‌తారా లాంటి చోట్ల ఉన్న సైబర్ మోసగాళ్లకి పంపడానికే ఇవన్నీ అని పోలీసులు చెప్పారు. "మీ ఖాతా బ్లాక్ అయింది, ఓటీపీ చెప్పండి" అని ఫోన్లు చేస్తారే, వాళ్లు వాడుకోవడానికి. ప్రతి ఫోనుకీ ఐఎంఈఐ అని 15 అంకెల నంబరుంటుంది. అది మనం కొన్న బిల్లు మీద ఉంటుంది, డబ్బా మీద ఉంటుంది. ఆ ఫోనుతో ఎక్కడైనా మోసం జరిగితే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఆ నంబరు పట్టుకునే. ఎవరికి అమ్మారమ్మా అని అడిగితే మనమేం చెప్తాం? మైకు బండి అని చెప్తామా? టబ్బు చూపిస్తామా?

తిరిగేవాళ్లందరూ దొంగలని నేననను. పొట్టకోసం ఎండలో తిరిగేవాళ్లే ఎక్కువ. కానీ అటు పేరు తెలీని, మళ్లీ కనిపించని మనిషికి, మన పేరున్న వస్తువు ఇవ్వడం నాకు ధైర్యం చాలలేదు.

అప్పుడు అడిగింది మా ఇంట్లో పనిచేసే ఆమె. పేరు రాయొద్దంది, రాయను. మొయినాబాద్ అవతల ఊరు ఆమెది. పొద్దున్నే షేర్ ఆటోలో వచ్చి, మా వీధిలో రెండిళ్లు, కోకాపేట వైపు అపార్ట్‌మెంట్లలో ఇంకో రెండిళ్లు చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. కూతురు ఇంటర్ చదువుతోంది. గిన్నెలు తోముతూ తోముతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఏం జేస్తరమ్మా గా పాత ఫోను?"

"అమ్ముదామని చూస్తున్నా."

"నాకిస్తరా? పైసలిస్త. పిల్లకి గావాలె."

మా గండిపేట సంగతి తెలిసినవాళ్లకి ఇది వింతనిపించదు. తూర్పున కోకాపేటలో నలభై యాభై అంతస్తుల భవనాలు. పడమర మొయినాబాద్, చేవెళ్ల వైపు పోతే ఇంకా టమాటా తోటలు, పూలతోటలు, రోడ్డుకి రెండు పక్కలా మర్రిచెట్లు. మధ్యలో మేము, మా చెరువు. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచాక కట్టించిన చెరువది, 1920 నాటికి పూర్తయింది. ఉస్మాన్‌సాగర్ అని పేరు పెట్టినా మాకు గండిపేట చెరువే. మా చెరువు నీళ్లు తూర్పుకి పట్నానికి పోతాయి. పట్నం పాత ఫోన్లు పడమటికి వస్తాయి. కోకాపేటలో కొన్న కొత్త ఫోను రెండేళ్లు తిరిగేసరికి డ్రైవరు చేతికి, ఆ తర్వాత డ్రైవరు తమ్ముడి చేతికి, ఇంకో ఏడాదికి చేవెళ్లలో కూరగాయలమ్మే పిల్లాడి చేతికి చేరుతుంది. పగిలిన అద్దం మార్పించుకుని, వీపుకి కొత్త కవరు తొడుక్కుని, ఇంకో మూడేళ్లు బతుకుతుంది. చెత్తలో పడేకన్నా అది ఎంతో నయం.

కానీ ఆ చేతులు మారడం మొత్తం నోటిమాట మీదే జరుగుతుంది. ఎవరూ ఎవరికీ కాగితం ఇవ్వరు.

అత్తమ్మ వెంటనే అంది, "ఇయ్యి బిడ్డా, ఊకెనే ఇయ్యి. ఆడపిల్ల చదువుకుంటది. గదేమన్న బంగారమా?" అత్తమ్మది చేవెళ్ల దగ్గర రైతు ఇల్లు. ఇవ్వడంలో ఆమెది పెద్ద చెయ్యి. మా ఆయన కూడా సరే అన్నాడు. నేనూ తలూపబోయాను. కానీ ఆమే ఒప్పుకోలేదు.

"ఊకె వద్దమ్మా" అంది చేతులు తుడుచుకుంటూ. "ఊకె ఇస్తే అది నాది గాదు. రేపు మీ ఇంట్ల చుట్టాలొస్తే, ఐతారం గూడ రమ్మంటరు. నేను రానన్లేను. ఫోనిచ్చిన్రు గదా అని నాకే అనిపిస్తది."

ఆ మాట విని అత్తమ్మ ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. అబద్ధం అనడానికి లేదు. ఉచితంగా ఇచ్చిన వస్తువుకి మన ఇళ్లలో వడ్డీ ఉంటుంది. అది డబ్బుల్లో ఉండదు. "పాపం దానికి ఫోనిచ్చాం, చీరిచ్చాం" అని నలుగురిలో చెప్పుకోవడంలో ఉంటుంది. ఇంకో పూట పనిలో ఉంటుంది. ఆమె ఆదివారాలు ఆమెవి. వాటిని కాపాడుకోవడానికే ఆమె పైసలిస్తానంటోంది.

అయితే ఎంతకివ్వాలి? తెలిసినవాళ్లకి అమ్మడం అంత కష్టం ఇంకోటి లేదు. ఎక్కువ అడిగితే పాపం, మరీ తక్కువ అడిగితే దానం చేసినట్టు. నేను లెక్క ఆమె ముందే చెప్పాను. ఇంటికొచ్చిన కంపెనీ 2,900 అంది. షాపులో 3,500. జగదీశ్ మార్కెట్లో కూడా మా మరిది అదే అన్నాడు, కాని రాను పోను ఖర్చు, ఒక రోజు పని పోతాయి. వదులైన చార్జింగ్ పిన్ను మార్పించడానికి ఎంతో కొంత అవుతుంది. అన్నీ చూసి 3,000 అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, నెలకి 500 చొప్పున ఆరు నెలలు అంది.

"జీతంలో పట్టుకోనా?"

"వద్దమ్మా. జీతం జీతమే. ఫోను పైసలు నా చేతితోని ఇస్త."

ఆ తేడా నాకు నచ్చింది. జీతంలో కోస్తే అది మా లెక్క. చేతికిస్తే ఆమె లెక్క.

ఆ రాత్రి ఫోను శుభ్రం చెయ్యడానికి కూర్చున్నాను. ఎవరి గిన్నెనైనా తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదంటారు మన పెద్దలు, కాస్త చక్కెరో రెండు పండ్లో వేసిస్తాం. ఫోను మాత్రం పూర్తిగా ఖాళీ చేసే ఇవ్వాలి. నేను చేసినవన్నీ వరసగా రాస్తాను. మీకెప్పుడైనా పనికొస్తాయి. ఎవరి సాయమూ లేకుండా ఒక గంటలో అయిపోతుంది.

ముందు ఫోటోలు. అన్నీ గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కాయో లేదో కొత్త ఫోన్లో తెరిచి కళ్లారా చూసుకోవాలి. ఎక్కాయి కదా అని పాత ఫోన్లో కూర్చుని ఒక్కొక్కటీ డిలీట్ చెయ్యకండి. అలా చేస్తే అక్కడ దాచినవి కూడా పోతాయి. వాటినలాగే వదిలేసి చివర్లో రీసెట్ చేస్తే సరిపోతుంది. తర్వాత వాట్సాప్. మాటలన్నీ బ్యాకప్ చేసి, కొత్త ఫోన్లోకి అదే నంబరుతో తెచ్చుకోవాలి. ఆ తర్వాత బ్యాంకు యాప్, యూపీఐ యాప్. కొత్త ఫోన్లో అవి పనిచేస్తున్నాయని ఒక పది రూపాయలు పంపి చూసుకుని, పాతదాంట్లోంచి లాగౌట్ అవ్వాలి. సిమ్ము, మెమరీ కార్డు తియ్యాలి. మెమరీ కార్డు ఫోనుతో పాటు పోవడం చాలా ఇళ్లలో జరిగేదే.

ఇక సెట్టింగ్స్‌లోకి వెళ్లి గూగుల్ ఖాతా తీసేయాలి. స్క్రీన్ లాక్ కూడా తీసేయాలి. ఈ రెండూ చెయ్యకుండా రీసెట్ కొడితే, కొన్నవాళ్లు ఆన్ చెయ్యగానే మన పాత పాస్‌వర్డ్ అడుగుతుంది. వాళ్లు మళ్లీ మన గుమ్మం ఎక్కాలి. ఆఖరున ఫ్యాక్టరీ రీసెట్. ఇప్పటి ఫోన్లలో లోపలి సమాచారమంతా తాళం వేసినట్టు మార్చి దాస్తారు. రీసెట్‌తో ఆ తాళంచెవి కూడా చెరిగిపోతుంది. అందుకే డిలీట్ చేసినవాటిని బయటికి తీస్తారన్న పాత భయం ఈ ఫోన్లకి అంతగా వర్తించదు. బీరువాలో ఉన్నవి బాగా పాత కాలం ఫోన్లయితే, వాటిని అమ్మకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వడమే నయం. బ్యాటరీ ఉబ్బినవైతే అసలు ఇంట్లో ఉంచుకోవద్దు.

ఫోను మళ్లీ ఆన్ చేస్తే ఏ భాష కావాలి అని అడిగింది, కొత్తదానిలా. ఆమె కూతురు తెలుగు పెట్టుకుంటుందో ఇంగ్లిష్ పెట్టుకుంటుందో అనుకుంటూ ఆపేశాను.

మర్నాడు ఫోను చేతికిస్తుంటే ఆమె తీసుకోలేదు. ముందు డబ్బా అడిగింది, ఇచ్చాను. తర్వాత, "అమ్మా, ఒక కాగితం రాసియ్యరా?" అంది.

"ఏం కాగితం?"

"నాకు అమ్మిన్రు అని. నేను నాలుగిండ్లల్ల పనిజేస్త. నా తాన గింత మంచి ఫోను జూస్తే ఏడికెళ్లి వచ్చిందే అంటరు. నోటితోని జెప్తే ఎవరు నమ్ముతరు?"

అత్తమ్మ అంతా వింటోంది. "నిజమే. రాసియ్యి" అంది నాతో. "మార్కెట్ యార్డుల టమాటాలు అమ్మితే తక్‌పట్టీ ఇస్తడు. అది లేకుంటే మనం అమ్మినమని ఎవడు ఒప్పుకుంటడు? మీ మామయ్య తక్‌పట్టీలన్నీ సందూకల పెట్టెటోడు."

నేను రాసినది ఇదీ. పైన తేదీ. నా పేరు, ఆమె పేరు, ఇద్దరి ఊళ్లు. ఫోను కంపెనీ, మోడల్, రంగు. రెండు ఐఎంఈఐ నంబర్లు. సిమ్ములు రెండు పట్టే ఫోనుకి నంబర్లు రెండుంటాయి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే తెర మీదికి వస్తాయి. వాటిని డబ్బా మీదవాటితో పోల్చి చూశాను. ఈ ఫోను నాదే, ఎవరి దగ్గరా తాకట్టులో లేదు, 3,000 రూపాయలకి ఫలానా ఆమెకి అమ్మాను, మొదటి 500 ముట్టినవి, మిగతావి నెలనెలా ఇస్తుంది అని రాశాను. ఇద్దరం సంతకాలు చేశాం. సాక్షిగా అత్తమ్మ కూడా చేసింది. 2021 నాటి షాపు బిల్లు జిరాక్స్ తీయించి వెనకాల పిన్ను కొట్టాను. రసీదు ఇంకో కాపీ నా దగ్గర ఉంచుకున్నాను. ఆ కాగితం ఆమెకి ఎంత అవసరమో నాకూ అంతే అవసరం. ఇకమీద ఆ నంబరు మీద ఎవరైనా ఏమైనా అడిగితే, ఏ తేదీ నుంచి ఫోను నా దగ్గర లేదో చూపించగలను.

కొనేవాళ్లకి ఇంకొకటి కూడా చెప్పాలి. ఇంగ్లిష్‌లో కేవైఎం అని మూడక్షరాలు టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు పెట్టి 14422కి మెసేజ్ పంపితే, ఆ నంబరు ఏ కంపెనీ ఏ మోడల్‌దో జవాబొస్తుంది. బ్లాక్ అయిందని వస్తే, చేతిలో ఉన్న ఫోనొకటి మెసేజ్‌లో ఉన్న ఫోనొకటి అయితే, కొనకండి. 2023 మేలో కేంద్రం సంచార్ సాథీ పోర్టల్ తెచ్చినప్పటి నుంచి పోయిన ఫోనుని దేశమంతటా పనిచెయ్యకుండా ఆపించవచ్చు. అలా ఫిర్యాదు చేసి ఫోన్లు తిరిగి పొందడంలో మన తెలంగాణ ముందున్న రాష్ట్రాల్లో ఒకటి. మంచిదే. కానీ దొంగ ఫోనని తెలీక కొన్నవాళ్ల డబ్బులు ఎవరూ తిరిగివ్వరు. నేను ఆమె ముందే ఆ మెసేజ్ పంపించి జవాబు చూపించాను. "మంచిగున్నది" అని, అప్పుడు తీసుకుంది ఫోను.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు ఆమె ఆలస్యంగా వచ్చింది. ఏమైందంటే, గిన్నెలు సింకులో వేసుకుంటూ చెప్పింది. కోకాపేట వైపు ఆమె పనిచేసే అపార్ట్‌మెంట్లో ఒకావిడ ఫోను కనబడలేదట. పొద్దున గేటు దగ్గర పనివాళ్లందర్నీ ఆపారట. సంచులు చూశారట. ఆ రోజు కూతురికి సెలవని, డబ్బులు వేయించుకునే పనుందని ఫోను ఈమె తెచ్చుకుంది. పోయిన ఫోనూ ఇదీ ఒకే కంపెనీవి, ఇంచుమించు ఒకే రంగు.

"నీకెక్కడిది అన్నడమ్మా. అందరు నా దిక్కే జూస్తున్నరు."

కవరు వెనకాల మడతపెట్టుకున్న కాగితం తీసి ఇచ్చిందట. సెక్యూరిటీ అతను చదివి, ఆ నంబరు నొక్కి, తెర మీది అంకెలు కాగితం మీది అంకెలతో ఒక్కొక్కటే కలిపి చూశాడట. రెండు నంబర్లూ. చూసి, ఇచ్చేసి, పొమ్మన్నాడట. సాయంత్రానికి ఆ ఇంటావిడ ఫోను వాళ్ల కారులోనే సీటు కింద దొరికింది. "దొరికింది, థ్యాంక్స్" అని వాళ్ల గ్రూపులో పెట్టారట. గేటు దగ్గర నిలబడ్డవాళ్లకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

నాకు కోపమొచ్చింది. ఆ ఇల్లు మానెయ్యరాదూ అన్నాను. ఆమె నవ్వింది. "మానేస్తే గప్పుడు నిజంగనే దొంగనే అంటరు" అంది. ఆమెతో పాటు ఆ గేటు దగ్గర ఇంకో ఆరుగురు నిలబడ్డారట. వాళ్లలో ఇద్దరి చేతుల్లో యజమానులిచ్చిన పాత ఫోన్లున్నాయి, పండగకి బహుమతిగా ఇచ్చినవి. వాటికి కాగితాల్లేవు. ఆ యజమానులకి ఫోన్లు చేసి అడిగి, వాళ్లు అవునన్నాకే వదిలారట. ఒకామెకి ఆ యజమానురాలు ఫోనెత్తేదాకా గంటన్నర పట్టింది.

ఇది విన్న దగ్గర్నుంచి మా కిట్టీ వాళ్లందరికీ చెప్తున్నాను. మనం మంచి మనసుతోనే ఇస్తాం, ఇవ్వాలి కూడా. కానీ ఇచ్చాక ఆ వస్తువు ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించాలి. మన చేతిలో ఉన్నప్పుడు ఫోను ఎక్కడిదని మనల్ని ఎవరూ అడగరు. అదే ఫోను ఆమె చేతిలోకి వెళ్లగానే అడుగుతారు. అమ్మినా ఊరికే ఇచ్చినా, ఒక కాగితం ముక్క, 15 అంకెలు, ఒక సంతకం. ఐదు నిమిషాల పని. పాత చీరకి అక్కర్లేదు కానీ ఫోనుకి కావాలి. సైకిలుకి, ల్యాప్‌టాప్‌కి, వెండి పట్టీలకి కూడా కావాలి.

ఆరో నెల ఆఖరి 500 ఇచ్చింది. కొంగుముడి విప్పి, అన్నీ వంద నోట్లు, లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. తర్వాత ఫోను కవరు తీసి ఆ కాగితం చూపించింది. మడతల దగ్గర చిరిగిపోతోంది.

"ఇంకొకటి రాసిస్తరా అమ్మా? గీసారి మొత్తం ముట్టినయని గూడ రాయున్రి."

కొత్త కాగితం మీద మళ్లీ అన్నీ రాశాను. పూర్తి పైకం 3,000 రూపాయలు ముట్టినవి, ఇక ఈ ఫోను మీద నాకు ఏ హక్కూ లేదు అని రాశాను. అత్తమ్మ కళ్లజోడు పెట్టుకుని అంకెలు చదువుతుంటే ఆమె ఫోను తెర చూసి సరిచూసింది. సంతకాలయ్యాక, "జిరాక్స్ షాపుల లామినేషన్ చేపిస్త" అని సంచిలో పెట్టుకుంది. తర్వాత ఆదివారం రానని చెప్పింది. చెల్లెలింట్లో బోనాలట.